ఒక్క గుండీ... ఆర్నెల్ల చదువు!

వేసవి వచ్చిందంటే చాలు, పత్రికల నిండా ర్యాంకులే. ఒకటి, ఒకటి, రెండు, మూడు అంటూ పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. సరిగ్గా అదే రోజుల్లో అనంతపురం జిల్లాలో ఏ మండల కేంద్రానికి వెళ్లినా, ప్రభుత్వ బడి ఆవరణలో ఓ మూలగదిలో మరో రకం ప్రోగ్రెస్ కార్డు రాస్తూ కనిపిస్తారు టీచర్లు. అందులో మార్కులుండవు. 'పేరు పెట్టి పిలిస్తే తల తిప్పి చూస్తున్నాడు', 'గ్లాసు తనే పట్టుకుని నీళ్లు తాగుతోంది', 'ఒంటేలు వస్తోందని సైగ చేస్తున్నాడు'... ఇలా ఉంటాయి ఆ కార్డులో మాటలు. చదవడానికి ఒక్కోటీ ఒక్క వాక్యమే. దాని వెనక ఒక ఇంటిల్లిపాదీ పడ్డ ఏడాది కష్టం ఉంటుంది.

అవి భవిత కేంద్రాలు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ రోజుల్లో పుట్టి, 2018 నుంచి సమగ్ర శిక్ష గొడుగు కిందికి వచ్చాయి. అక్కడ పనిచేసేవాళ్లను కాగితాల మీద ఐఈఆర్‌టీలు అంటారు. పిల్లలకు మాత్రం వాళ్లు 'మేడమ్', 'సారు'. మాటలు రాని పిల్లాడికైతే ఆ పిలుపు కూడా ఉండదు. కొంగు పట్టుకుని లాగడమే పిలుపు.

ఎవరా పిల్లలు? ఊళ్లో అడిగితే అందరికీ కలిపి ఒకటే పేరు చెబుతారు... 'ఎర్రిబాగులోడు'. కానీ ఆ గదిలో కూర్చున్న పదిమందీ పది రకాలు. ఒకరిది బుద్ధి ఎదుగుదల నెమ్మదించిన సమస్య. దాన్ని ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు. మరొకరిది సెరిబ్రల్ పాల్సీ. అంటే, మెదడు నుంచి కండరాలకు అందాల్సిన ఆజ్ఞలు తప్పుతాయి. కాళ్లూ చేతులూ బిగుసుకుంటాయి. తెలివి మాత్రం చాలామందిలో చక్కగా ఉంటుంది. మాట ముద్దముద్దగా వస్తుంది కాబట్టి తెలివి లేదనుకుంటారు. ఇంకొకరిది డౌన్ సిండ్రోమ్. మరొకరిది ఆటిజం... చూపు కలపడు, ఫ్యాన్ తిరగడాన్నే గంటసేపు చూస్తాడు, కుక్కర్ విజిల్ వస్తే చెవులు మూసుకుని అరుస్తాడు. 1995 నాటి చట్టం మొత్తం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. వాటిలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టం వచ్చాక ఆ జాబితా 21కి పెరిగింది, ఆటిజం కూడా అందులో చేరింది. ఊరి భాష మాత్రం ఇంకా ఆ ఒక్క పేరు దగ్గరే ఆగిపోయి ఉంది.

సరే, ఆ గదిలో ఏం నేర్పుతారు? అ, ఆ లు తర్వాతి సంగతి. ముందు చొక్కా గుండీ.

మనకు గుండీ పెట్టుకోవడం ఒక పని. వాళ్లకు అది ఏడెనిమిది పనులు. కాజా ఎక్కడుందో చూడాలి. ఎడమచేత్తో ఆ అంచు పట్టుకోవాలి. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండీని పట్టాలి. దాన్ని నిలువుగా తిప్పాలి. సగం దూర్చాలి. ఆ సగాన్ని జారిపోకుండా పట్టుకుని, చేతులు మార్చి, అవతలి నుంచి లాగాలి. ఇన్నిటిలో ఏ ఒక్కటి తప్పినా గుండీ పడదు. పిల్లాడికి కోపం వస్తుంది, చొక్కా పీకి పారేస్తాడు. అందుకే అనుభవమున్న టీచర్లు దీన్ని చివర్నుంచి మొదలుపెడతారు. అన్నీ తామే చేసి, సగానికి పైగా దూరిన గుండీని చివరగా లాగే పని మాత్రం పిల్లాడికి వదులుతారు. లాగాడు, పడింది! చప్పట్లు. తన చొక్కా గుండీ తనే పెట్టుకున్నాడు మరి! కొన్ని వారాలకు ఇంకో మెట్టు వెనక్కి వెళ్తారు. ఇప్పుడు సగం దూర్చిన గుండీ ఇస్తారు. ఆపైన కాజా దగ్గర పెట్టిన గుండీ. అలా అలా మొదటి మెట్టు దాకా. మొదట్నుంచి నేర్పితే పిల్లాడికి ప్రతిసారీ ఓటమే మిగులుతుంది. చివర్నుంచి నేర్పితే ప్రతిసారీ గెలుపుతోనే పని ముగుస్తుంది. కొందరికి ఆర్నెల్లు, కొందరికి ఏడాది. కొందరికి ఎప్పటికీ రాకపోవచ్చు. అప్పుడు గుండీలు తీసేసి అంటుకునే పట్టీ కుట్టించమని తల్లికి చెబుతారు. అదీ పాఠమే.

ఏ పిల్లకు ఏది నేర్పాలన్నది టీచరు ఇష్టం మీద నడిచే విషయం కాదు. మద్రాసులో తయారైన ఒక పరీక్షా పట్టిక దేశమంతా ప్రత్యేక బడుల్లో వాడుకలో ఉంది. అందులో 18 విభాగాలు. నడక, చేతివేళ్ల పని, తిండి, బట్టలు, స్నానం, మరుగుదొడ్డి, మాట, డబ్బు లెక్క... ఇలా. ఒక్కోదానిలో 20 చొప్పున మొత్తం 360 అంశాలు. సికింద్రాబాద్‌లో 1984లో మొదలైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ కూడా ఇలాంటి పట్టికనే తయారుచేసి, పిల్లల్ని ప్రీ ప్రైమరీ నుంచి వృత్తి శిక్షణ ముందు దశ దాకా విడదీసింది. ఈ పట్టికల్లో ఒక గొప్ప మర్యాద ఉంది. ఏం రాదో ముందు అడగవు. ఏం వచ్చో అడుగుతాయి. పుట్టినప్పట్నుంచీ 'వాడికేమీ రాదు మేడమ్' అని చెప్పడానికి అలవాటుపడిన తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, 'వాడికి ఏమేం వచ్చో చెప్పమ్మా' అంటే... చాలామందికి జవాబు రావడానికి చాలాసేపు పడుతుంది.

పాఠ్య పరికరాలంటారా? రంగురంగుల ప్లాస్టిక్ బొమ్మలు కొన్ని ఉంటాయి. వాటికంటే బాగా పనికొచ్చేవి ఇంట్లోనే ఉన్నాయి. చూపుడువేలూ బొటనవేలూ కలవని పిల్లకు గిన్నెలో గుప్పెడు బొరుగులు పోసి ఇస్తే, ఒక్కోటీ ఏరుకుని తినడమే వేళ్లకు వ్యాయామం. వేళ్లు కాస్త గట్టిపడ్డాక శెనక్కాయలు వలవడం. అనంతపురం పిల్లలకు ఇంతకంటే తెలిసిన పని ఏముంటుంది? ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. గింజ ముక్కులోకో గొంతులోకో పోకుండా పక్కన పెద్దవాళ్లు ఉండి తీరాలి. తిండి నేర్పడంలో కూడా అంతే. పట్టు లేని వేళ్లకు చారన్నం చాలా కష్టం. నాలుగు మెతుకులు నోటికి చేరేలోపు మిగతాదంతా ఒళ్లో ఉంటుంది. రాగిసంగటి ముద్ద అలా కాదు, అది చేతిలో నిలుస్తుంది. సీమ తిండిలో ఇంత వైద్యం ఉందని ఏ పుస్తకంలోనూ రాయలేదు గానీ, తినిపించి చూసిన తల్లికి తెలుస్తుంది.

అన్నిటికంటే కష్టమైన పాఠం వేరే ఉంది... మరుగుదొడ్డి. గంటకోసారి తీసుకెళ్లి కూర్చోబెట్టాలి. వేళలు రాసుకోవాలి. కడుక్కోవడం, చేతులు సబ్బుతో రుద్దుకోవడం రోజూ చేయించాలి. చెప్పడానికి బాగానే ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే నేల ఇది. చాలా ఊళ్లలో ఎండాకాలం కుళాయి ఎప్పుడొస్తుందో తెలియదు. బిందెలు లెక్కపెట్టుకుని వాడే ఇంట్లో, పిల్లాడికి నేర్పడం కోసం రోజుకు ఆరుసార్లు చెంబెడు నీళ్లు పారబొయ్యమంటే ఏ తల్లికైనా చెయ్యి వెనక్కే పోతుంది. కరవు గురించి రాసేవాళ్లు పంట నష్టం లెక్కలు రాస్తారు, ఎండిన బోర్ల లెక్కలు రాస్తారు. పద్నాలుగేళ్లొచ్చినా చెడ్డీ తడుపుకునే పిల్లాడి లెక్క అందులో ఎక్కడా ఉండదు.

సెరిబ్రల్ పాల్సీ పిల్లల సంగతి మరీ సున్నితం. ఒళ్లు నిలవదు కాబట్టి ఇళ్లల్లో వాళ్లను వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, జావ పోస్తారు. ప్రేమతోనే పోస్తారు. కానీ అలా పోసింది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మాటిమాటికీ దగ్గు, జ్వరం, న్యుమోనియా అందుకే. నడుం నిలబెట్టి కూర్చోబెట్టి, తల కొద్దిగా ముందుకు వంచి, చిన్న చెంచాతో కొంచెం కొంచెంగా పెట్టాలి. అది మింగాకే ఇంకో చెంచా. గోడమూలలో దిండ్లు సర్ది కూర్చోబెట్టినా చాలు. ఫిజియోథెరపిస్టు కేంద్రానికి వచ్చేది ఏదో ఒక రోజు. మిగిలిన రోజుల్లో ఆ పిల్ల కాళ్లు సాగదీయాల్సింది అమ్మే. అందుకే మంచి కేంద్రంలో పిల్లతోపాటు అమ్మకూ పాఠం ఉంటుంది. ఆ పాఠం వద్దనుకుని పిల్లను గుమ్మంలో దింపి వెళ్లిపోతే, చేసిన పనిలో సగం సాయంత్రానికే పోతుంది.

ఈ పిల్లల్లో చాలామందికి మూర్ఛ కూడా ఉంటుంది. ఫిట్స్ రాగానే చేతిలో తాళంచెవులు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ నలపడం ఇంకా పోలేదు. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, నీళ్లు కూడా పొయ్యకూడదు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. మాత్రలు మాత్రం డాక్టరు ఆపమనేదాకా ఒక్కరోజు కూడా ఆపకూడదు. అక్కడే వస్తుంది అసలు చిక్కు.

వలస! వేరుశనగ చేతికి రాని ఏడు ఊళ్లకు ఊళ్లు బెంగళూరు బస్సెక్కుతాయి. కట్టడాల పనికి, కూలికి. వెంట తీసుకెళ్తే ఆ పిల్లను రేకుల షెడ్డులో ఎవరు చూస్తారు? వదిలి వెళ్తే అవ్వ దగ్గర. అవ్వకు చూపానదు, మాత్ర ఏదో తెలియదు. అవ్వ ప్రేమకు తక్కువేం లేదు గానీ, ఆమెకు ఓపిక తక్కువ. పిల్లాడు తనే తింటానంటే గంట పడుతుంది. తను పెడితే పది నిమిషాలు. కాబట్టి తనే పెట్టేస్తుంది. నాలుగు నెలలు అలా గడిచాక అమ్మానాన్నా తిరిగొస్తారు. కేంద్రంలో రిజిస్టరు తెరిస్తే, నిరుడు 'సాయం లేకుండా' అని రాసిన చోట మళ్లీ 'సాయంతో' అని రాయాల్సి వస్తుంది. టీచరు ఎవర్ని తిట్టాలి? వాన రానందుకు వాళ్లను తిట్టలేదు కదా!

అసలు ఈ పనిలో ఉండేవాళ్ల గురించి మనకు రెండే చిత్రాలు తెలుసు. ఒకటి, 'అబ్బ! ఎంత ఓపిక, దేవతమ్మా' అనడం. రెండోది, 'పిచ్చి పిల్లలకు అన్నం పెట్టడానికి చదువెందుకు' అనడం. రెండూ తప్పే. రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన ప్రత్యేక విద్య కోర్సు చదివి వచ్చినవాళ్లు వాళ్లు. వాళ్లకూ విసుగొస్తుంది. చెయ్యి కొరుకుతారు, జుట్టు పీకుతారు, చీర పాడుచేస్తారు. పిల్ల ఎందుకు కొరికిందో ఆలోచించడం వాళ్ల వృత్తి. ఆకలా, పంటినొప్పా, గదిలో గోలా, ఇష్టంలేని పనా? మాట లేనివాళ్లకు కొరకడం కూడా ఒక మాటే. దానికి బదులుగా చెయ్యి చూపించడమో, బొమ్మ ఉన్న కార్డు ఇవ్వడమో నేర్పితే కొరకడం తగ్గుతుంది. దెబ్బతో మాత్రం తగ్గదు. శనివారం వస్తే, కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకు వీళ్లే వెళ్లాలి. పల్లెవెలుగు బస్సు దిగి, ఎర్రమట్టి దారిలో నడిచి, మంచం మీదున్న పిల్ల పక్కన కూర్చోవాలి. ఆ ఇంటికి ఆ వారంలో వచ్చిన బయటి మనిషి బహుశా ఆ టీచరమ్మ ఒక్కతే. ఇంతా చేసి వాళ్లవి ఏళ్ల తరబడి ఒప్పంద ఉద్యోగాలు. తన జీతం సంగతే తేలని మనిషి పక్కింటి పిల్ల భవిష్యత్తు గురించి ధైర్యం చెప్పాలి.

ప్రభుత్వం కంటే ముందే ఈ జిల్లాలో ఈ పనికి దిగిన సంస్థ ఒకటుంది. స్పెయిన్‌లో పుట్టి, 1952లో భారత్ వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పేద రైతులతో పనిచేసి, 1968లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చి, మళ్లీ 1969లో అనంతపురం చేరారు విన్సెంట్ ఫెర్రర్. ఆయన మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును ఇక్కడెవరూ ఆ పేరుతో పిలవరు. ఆర్డీటీ అంటేనే తెలుస్తుంది. బావులు, ఇళ్లు, బళ్లు, ఆసుపత్రులు... వాటితోపాటు 1980లు ముగిసేలోపే వికలాంగుల కోసం విడిగా ఒక విభాగం పెట్టింది. అది చేసిన తెలివైన పని, ఊరూరా వికలాంగుల సంఘాలు పెట్టించడం. చెవుడు ఉన్నవాళ్లు, నడవలేనివాళ్లు, బుద్ధి ఎదగని పిల్లల తల్లులు... అంతా ఒక చోట కూర్చున్నారు. అప్పటిదాకా 'నా ఖర్మ' అనుకున్న తల్లి, పక్క వీధిలో తనలాంటి తల్లి మరొకతె ఉందని తెలుసుకుంది. ఆపైన బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకూ, సెరిబ్రల్ పాల్సీ పిల్లలకూ, చూపూ వినికిడీ లేని పిల్లలకూ ప్రత్యేక బడులు, హాస్టళ్లు వచ్చాయి. 2009లో ఫెర్రర్ కన్నుమూశాక, ఆయన భార్య అన్నే ఫెర్రర్ ఆ పనిని ముందుకు నడిపారు.

ఎందుకిలా పుడతారు అన్న ప్రశ్నకు ఊళ్లో జవాబు సిద్ధంగా ఉంటుంది. గ్రహణం, పాపం, అత్తగారి నోట్లో కోడలి జాతకం. తండ్రి మాట ఎవరూ ఎత్తరు. చాలాసార్లు కారణమే తెలియదు. తెలిసినవాటిలో కొన్ని మన చేతిలో ఉన్నవే. కాన్పు ఆలస్యమై బిడ్డ ఏడవకపోవడం, నెలలు నిండకముందే పుట్టడం, పుట్టగానే వచ్చిన పసుపు మితిమీరడం, మెదడువాపు జ్వరాలు... వీటికి సమయానికి ఆసుపత్రి దొరకాలి. మేనమామతో, మేనబావతో పెళ్లిళ్లు సీమలో మామూలు. ఒకే కుటుంబంలో నడిచే కొన్ని జన్యులోపాలు ఆ పెళ్లిళ్లలో బయటపడే అవకాశం ఎక్కువ. మేనరికం చేసుకున్న ప్రతివాళ్లకూ ఇలాగే అవుతుందని కాదు. కానీ ఇంట్లో ఇప్పటికే ఒకరు అలా ఉంటే, 'ఆస్తి బయటికి పోకూడదు' అని మళ్లీ అదే సంబంధం కలుపుకోవడం తెలివైన పని అనిపించుకోదు.

బిడ్డకు రెండు నెలలు నిండినా నవ్వకపోతే, నాలుగో నెల దాటినా మెడ నిలబెట్టకపోతే, తొమ్మిదో నెలకూ ఆసరా లేకుండా కూర్చోకపోతే, ఏడాదిన్నరకు నడక రాకపోతే, రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలకకపోతే... 'వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు' అంటూ ఎదురుచూడకండి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్షించి జిల్లా స్థాయి కేంద్రాలకు పంపే ఏర్పాటు ఉంది. మెదడు వేగంగా ఎదిగే తొలి మూడేళ్లలో మొదలైన శిక్షణకూ, పదేళ్లొచ్చాక మొదలైనదానికీ చాలా తేడా. భవిత గదికి ఆరేళ్లకో ఎనిమిదేళ్లకో తొలిసారి వచ్చే పిల్లల్ని చూసినప్పుడు టీచర్లకు కలిగే బాధ ఇదే.

పింఛను మాట కూడా చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలు చేశారు. కూలి దొరకని నెలల్లో ఇల్లు దాని మీదే నడుస్తుంది. అందుకే కొందరు తల్లిదండ్రుల్లో ఒక భయం. పిల్లాడు బాగుపడినట్టు కనిపిస్తే సదరం సర్టిఫికెట్‌లో శాతం తగ్గుతుందేమో! 2025లో పింఛన్ల పునఃపరిశీలన, నోటీసులు చూశాక ఆ భయం ఇంకా పెరిగింది. గుండీ పెట్టుకోవడం వస్తే పింఛను పోదు. ఆ సంగతి వాళ్లకు నమ్మకం కలిగేలా చెప్పడం కూడా టీచరు పనుల్లో ఒకటైపోయింది.

ఇక అన్నిటికీ అడుగున ఉండే ప్రశ్న... 'మా తర్వాత వీడికి ఎవరు?' అడగని తల్లి ఉండదు. పద్దెనిమిది దాటితే చట్టం దృష్టిలో పిల్లాడు పెద్దవాడు. బ్యాంకులో సంతకం, పొలం కాగితం, ఆపరేషన్‌కు అనుమతి... అన్నిచోట్లా వాడి పేరే. వాడు చెయ్యలేడు. అమ్మానాన్నలకు ఆపైన ఆ హక్కు దానంతటది రాదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం దీనికో దారి చూపింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు... ఈ నాలుగింటికీ వర్తిస్తుంది. కలెక్టరు ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు చేస్తే తల్లిదండ్రులనో, తోబుట్టువులనో, బంధువులనో చట్టబద్ధ సంరక్షకులుగా నియమిస్తుంది. అదే ట్రస్టు 'నిరామయ' పేరుతో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కూడా తెచ్చింది. అందులో థెరపీ ఖర్చులూ ఉంటాయి. కోర్టు మెట్లు ఎక్కక్కర్లేదు. ఈ రెండు కాగితాల సంగతి తెలియని ఇళ్లే ఎక్కువ. మీ వీధిలో అలాంటి ఇల్లు ఉంటే, ఈ పేజీ చింపి ఇచ్చినా సరే.